బర్రెల కొట్టంలో సర్కారు ఇల్లు

మొన్న మా పాత ఆఫీసు నుంచి ఒక ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదట. నమస్కారాలూ ఆరోగ్యం సంగతులూ అయ్యాక కాస్త నసిగి, "సార్, మీ సర్వీసు మొత్తంలో మీకు ఒక్కటే మెమో వచ్చిందట కదా, అది బర్రెల కొట్టం గురించట, నిజమేనా?" అని అడిగింది. వెనకాల నలుగురు కిసుక్కున నవ్వడం వినిపించింది. స్పీకర్‌లో పెట్టారన్నమాట.

నిజమే. కానీ ఆ కథ నలుగురి నోళ్ళలో నాని నాని ఎక్కడిదాకా వచ్చిందంటే, నేను బర్రెకు ఇల్లు మంజూరు చేశానట, కాగితాల మీద బర్రె వేలిముద్ర కూడా వేసిందట. ఇదంతా శుద్ధ అబద్ధం. బర్రె ఎక్కడా వేలిముద్ర వేయలేదు. నాకు మొదటి నుంచీ కోపం ఎక్కువ, రిటైరయ్యాక ఇంకా ఎక్కువైందని మా ఇంట్లో అంటారు. నోటితో చెబితే సగంలోనే అరుపులు మొదలవుతాయని కాగితం మీద పెడుతున్నాను. అమ్మాయీ, స్పీకర్ తీసేసి చదువుకో.

శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు నా పరిధి. సొంత జాగా ఉండి ఇల్లు లేనివాళ్ళకు ఇల్లు కట్టుకోవడానికి సర్కారు సాయం చేస్తుంది. అది ఒక్కసారిగా చేతిలో పెట్టరు. పునాది లేచాక కొంత, గోడలు లేచాక కొంత, స్లాబు పడ్డాక కొంత. ప్రతిసారీ నేను వెళ్ళి ఇంటిముందు ఆ ఇంటామెను నిలబెట్టి, ఆఫీసువాళ్ళు ఫోన్‌లో వేసిచ్చిన యాప్‌తో ఫొటో తీసి పంపాలి. ఫొటో వెళితేనే పైసలు వస్తాయి. అన్నిటికంటే ముందు, సున్నంతో ముగ్గు పోసిన రోజున, ఆ ముగ్గు మధ్యలో నిలబడి ఫోన్‌లో ఒక గుర్తు పెట్టాలి. ఇల్లు ఇదిగో ఇక్కడ అని సర్కారుకు చెప్పడం అన్నమాట. ఆ తరువాత ఏ ఫొటో తీసినా ఆ గుర్తుకు దగ్గరలో నిలబడి తీస్తేనే యాప్ ఒప్పుకుంటుంది. ఇంతే పని. ఇంత చిన్న పనిని కూడా చెడగొట్టగలిగినవాడు మా ఆఫీసులో నేనొక్కడినే.

తుక్కుగూడ దాటి మహేశ్వరం వైపు వెళుతుంటే లోపలికి ఒక ఊరు. అక్కడ ఒకామెకు ఇల్లు మంజూరైంది. యాభై దాటిన మనిషి, భర్త లేడు, ఎయిర్‌పోర్టులో ఒక క్యాంటీన్‌లో గిన్నెలు తోమే పని. ఎప్పుడో పట్టా ఇచ్చిన జాగా ఉంది కానీ కట్టుకునే శక్తి లేదు. ఆ జాగాను ఆనుకునే ఒక మూడంతస్తుల ఇల్లు ఉంటే, దాని వెనక గదిలో పదకొండేళ్ళుగా కిరాయికి ఉంటోంది. కిటికీ తెరిస్తే కనిపించేది తన ఖాళీ జాగాయే.

ఇక్కడ దిక్కులు కాస్త గుర్తుంచుకోండి, నా మెమో అంతా ఈ దిక్కుల్లోనే ఉంది. ఆమె జాగాకు ఉత్తరాన ఆ మూడంతస్తుల ఇల్లు. దక్షిణాన చదునైన ఖాళీ స్థలం, ఫొటో తీయడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. తూర్పున సన్నటి సందు, సందుకు అవతల బర్రెల కొట్టం. పడమర ఎయిర్‌పోర్టు దాకా ఏమీ లేదు.

ముగ్గు పోసిన రోజు నేను ఆలస్యంగా చేరాను. అప్పటికే పూజ అయిపోయింది, కొబ్బరికాయ కొట్టేశారు, సున్నం గీతలు తళతళలాడుతున్నాయి. నాతోపాటు మా ఆఫీసు కంప్యూటర్ ఆపరేటర్ కూడా వచ్చాడు. పాత బస్తీ మనిషి, యాప్‌తో ఏ తంటా వచ్చినా మాకు అతనే దిక్కు. మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. నేను దర్జాగా ముగ్గులోకి అడుగు పెట్టబోతుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"సార్, జర బూట్లు ఇడిసి రాండ్రి. ఇప్పుడే పూజైంది."

ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ ఆ రోజు నా ఎడమకాలి సాక్సుకు పెద్ద చిరుగు. బొటనవేలు మొత్తం బయటికి వచ్చి కూర్చుంది. చుట్టూ ఇరవై మంది జనం, వాళ్ళలో సగం ఆడవాళ్ళు. లేసులు విప్పి ఆ బొటనవేలితో వాళ్ళ మధ్య నిలబడడానికి నాకు మనసొప్పలేదు. "అక్కర్లేదమ్మా, బయటి నుంచే అయిపోతుంది" అన్నాను గంభీరంగా.

దక్షిణం వైపు ఖాళీ స్థలంలో నిలబడి, "అమ్మా, ఇటు తిరుగు, ఫొటో తీస్తా" అన్నాను. ఆమె తిరగలేదు.

"అటుకెల్లి వద్దు సార్. తూర్పుకెల్లి తీయిండ్రి."

నాకు వెంటనే అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందని అనుకున్నాను. దక్షిణం వైపు మొహం పెట్టి నిలబడదట. వాస్తు! ఈ వాస్తు మాట వింటే నాకు ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి. వంటగది మూల మారిందని కట్టిన గోడలు కూల్చుకున్నవాళ్ళను ఎంతమందిని చూశానో. అక్కడికక్కడే పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. దిక్కులు మనిషిని ఏమీ చేయవన్నాను. సూర్యుడు ఎవరి ఇంటి కోసమూ ఉదయించడన్నాను. ఆమె ఓపికగా అంతా విని, చివరికి, "సరే సార్, జర తూర్పుకెల్లి తీయిండ్రి" అంది.

విధి లేక సందులోకి వెళ్ళాను. సందు మరీ ఇరుకు, ఫొటోలో ఆమె మొహం తప్ప ముగ్గు పడడం లేదు. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, కొట్టంలోకి వెళ్ళి, రెండు బర్రెల మధ్య నిలబడితే అన్నీ సరిగ్గా కుదిరాయి. యాప్ ముందు గుర్తు పెట్టమంది. పెట్టాను. తరువాత ఫొటో తీయమంది. తీశాను. గుర్తు అంటే నేను చూసే చోటు కాదు, నేను నిలబడ్డ చోటు అన్న సంగతి ఆ వాస్తు కోపంలో నాకు తట్టనే లేదు. ఫొటో బాగా వచ్చిందని మెచ్చుకుంటూ అక్కడే పాలు తాగి వచ్చాను.

నెలన్నర తరువాత పునాది చూడ్డానికి వెళ్ళాం. పునాది నిక్షేపంగా ఉంది. దాని మీద గోడలు లేవు కానీ దర్వాజ ఉంది. ఎక్కడో పాత ఇల్లు కూల్చుతుంటే రెక్కలతో సహా టేకు దర్వాజ కొనుక్కొచ్చి, మంచిరోజు చూసి నిలబెట్టించింది. చుట్టూ ఒక్క ఇటుక లేదు. దర్వాజకు మాత్రం తాళం వేసి ఉంది. నేను పక్క నుంచి ఎక్కి పునాది మీదికి రాబోయాను.

"అయ్యో సార్! దర్వాజ ఉండంగ గట్ల దొంగ లెక్క దుంకుతరేంది?"

ఆమె కొంగు ముడి విప్పి, తాళం చెవి తీసి, దర్వాజ తెరిచి పక్కకు నిలబడింది. నాకు కోపం నెత్తికెక్కింది కానీ ఏం చేస్తాను? మళ్ళీ కిందికి దిగి, దర్వాజ ముందుకు వచ్చి, గాలిలో నుంచి గాలిలోకి తల వంచుకుని ప్రవేశించాను. భాయ్ వెనకాలే వచ్చాడు. అతను అటూ ఇటూ చూసి, "ఇల్లు మంచి హవాదార్ ఉంది అక్కా" అన్నాడు.

సరే, యాప్ తెరిచాను. ఫోన్ ఏమందో తెలుసా? "మీరు ఇంటికి దూరంగా ఉన్నారు. దయచేసి ఇంటి దగ్గరికి వెళ్ళండి."

నేను ఆమె ఇంటి నట్టనడుమ నిలబడి ఉన్నాను. రెండడుగులు ముందుకు వేశాను. దూరంగా ఉన్నారంది. మూల మూలకూ తిరిగాను. దయచేసి దగ్గరికి వెళ్ళమంది. భాయ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, ముక్కు దానికి ఆనించి కాసేపు చూసి, నెమ్మదిగా దర్వాజలోంచి బయటికి నడిచాడు. సందు దాటాడు. కొట్టంలో దూరాడు. అక్కడి నుంచి అతని గొంతు వినిపించింది.

"సార్, ఇల్లు దొరికింది! సర్కార్ లెక్కల అక్క ఇల్లు గీడుంది. గీ నల్ల బర్రె బెడ్‌రూమ్‌ల పండుకున్నది."

సంగతంతా అప్పుడు వెలిగింది. గుర్తు మార్చడానికి దారి ఉంది, లేకపోలేదు. తప్పు నాదేనని రాసిస్తే ఆ కాగితం జిల్లాకు వెళ్ళి, అక్కడి నుంచి పైకి వెళ్ళి, అంతా సవ్యంగా ఉందనుకున్నాక కిందికి వస్తుంది. నా రిటైర్మెంట్ ఇంకా ఎనిమిది నెలలే. ఒక్క మచ్చ లేని సర్వీసు అని పెళ్ళిళ్ళలో పేరంటాలలో చెప్పుకునేవాణ్ణి. ఆ చివరి ఎనిమిది నెలల్లో, సాక్సు చిరిగిందని గుర్తు తప్పు పెట్టానని రాసివ్వమంటారా? రాయలేదు.

కొట్టంలో నిలబడి ఫొటో తీస్తే యాప్ నోరు మూసుకుని ఒప్పుకుంటోంది కదా. అక్కడి నుంచే తీద్దామనుకున్నాను. ఆమె దర్వాజ ముందు నిలబడింది, నేను బర్రెల మధ్య నిలబడ్డాను, ఫొటో వెళ్ళిపోయింది. నాలుగో రోజున ఆమె పైసలు ఆమెకు పడ్డాయి. ఈ రహస్యం తెలిసింది నలుగురికే. నేను, భాయ్, ఆమె, బర్రెల యజమాని. ఆ పాలాయన మీసాల్లో నవ్వుకుంటూ, "మీకేం ఫికర్ లేదు సార్, మా బర్రెలు ఎవ్వలకు చెప్పయ్" అని అభయమిచ్చాడు.

మే నెలాఖరుకు గోడలు లేచాయి. మిగిలింది స్లాబు. గోడల ఫొటో వెళితే స్లాబుకు డబ్బు వస్తుంది. ఈసారి ఆమె మొహంలో తొందర కనిపించింది. మూడంతస్తుల ఇంటాయన ఆ వెనక గదిని ఎయిర్‌పోర్టులో పనిచేసే కుర్రాళ్ళకు ఎక్కువ కిరాయికి ఒప్పుకున్నాడట, జూన్ దాటితే ఖాళీ చేయమన్నాడట.

"వానలు పడకముందే స్లాబు పడాలె సార్. లేకుంటే నేను యాడ ఉండాలె?" అంది.

"నేనున్నాను కదమ్మా" అని భరోసాగా కొట్టంలోకి నడిచాను. నడిచినంత వేగంగా బయటికి వచ్చాను. నల్ల బర్రె ఈనింది. పక్కన దుడ్డె. ఆ తల్లి తల వంచి, కొమ్ములు ముందుకు పెట్టి, బుస్సుమంటూ నా వైపు ఎలా వచ్చిందంటే, తాడు తెగి ఉంటే ఈ జ్ఞాపకం రాయడానికి నేనుండను.

పాలాయన తాపీగా బీడీ ఆర్పి, "దుడ్డె ఉంది కద సార్, కొత్తోళ్ళను రానియ్యది. నా వాసన ఉంటెనే ఊకుంటది" అని కొట్టం గుంజకు వేలాడుతున్న తన గొంగడి తీసి ఇచ్చాడు. "ఇది కప్పుకొని పోండ్రి."

మే నెల. మిట్టమధ్యాహ్నం. ఆ గొంగడి గొర్రె ఉన్నిది, దాని వయసు నా సర్వీసంత ఉంటుంది, వాసన సంగతి నేను రాయను. తల మీది నుంచి మోకాళ్ళదాకా కప్పుకుని, ఒక కన్ను, ఒక చెయ్యి, ఒక ఫోన్ మాత్రం బయట పెట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్ళాను. బర్రె నన్ను వాసన చూసి, ఎవరో మనవాడే అనుకుని ఊరుకుంది. చెమట ధారలు కడుతుంటే ఫొటో తీశాను.

అయితే అదే సమయంలో నా వెనక ఇంకో ఫోన్ కూడా ఫొటో తీసింది. అది భాయ్‌ది. గొంగడి కప్పుకున్న సర్కారు ఇంజనీరు, ఆయన్ను ప్రేమగా నాకుతున్న దుడ్డె. ఆ ఫొటోను అతను మా ఆఫీసు గ్రూపులో పెట్టి, కింద "సార్ ఇంటి తనిఖీలో ఉన్నారు" అని రాశాడు. పావుగంటలో భయపడి తీసేశాడు. ఆ పావుగంట చాలు, అది జిల్లా ఆఫీసుకు చేరిపోయింది.

అక్కడ కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఒకావిడ ఉన్నారు. చిన్న వయసు, చురుకైన మనిషి. అందరూ నవ్వుకుంటుంటే ఆవిడ నవ్వలేదు. ఇంజనీరు కొట్టంలో ఏం చేస్తున్నాడని అడిగి, ఆ రోజు నేను పంపిన ఫొటో వివరాలు తెప్పించి, గుర్తు ఎక్కడుందో పటంలో చూశారు. కొట్టం మీదే ఉంది. కొట్టానికి ఇల్లు మంజూరు చేయించి డబ్బు తింటున్నారని ఆవిడకు అనుమానం రావడంలో తప్పేమీ లేదు, ఆ చోట నేనున్నా అదే అనుకునేవాణ్ణి. వెంటనే ఆ ఇంటామె స్లాబు డబ్బు ఆపేశారు. వచ్చి స్వయంగా చూస్తానని కబురు పెట్టారు.

భాయ్ నా ముందు రెండు చెవులూ పట్టుకున్నాడు. "గలతీ అయిపోయింది సార్. నవ్వుతరని పెట్టిన. తల్లితోడు, గింత లొల్లి అయితదనుకోలే."

"నీ నవ్వు తగలెయ్య! ఆమె జూన్ ఆఖరుకు గది ఖాళీ చేయాలి, తెలుసా నీకు?" అని ఆఫీసు దద్దరిల్లేలా అరిచాను. అరిచాక సగం తప్పు నాదని గుర్తొచ్చి గొంతు తగ్గించాను. నిజానికి సగం కూడా కాదు, మొత్తం నాదే.

"ఒక మాట సార్" అన్నాడు భాయ్. "మేడమ్‌కు ఫోన్ ఖరాబుందని చెప్పుండ్రి. ఫోన్ ఎదురు మాట్లాడదు కద."

నేను ఫోన్‌ను నిందించలేదు. అంతకంటే అన్యాయమైన పని చేశాను.

తనిఖీ రోజున మబ్బు పట్టి ఉంది. ఆఫీసరమ్మ కారు పటం చూపిన దారిలో వచ్చి నేరుగా కొట్టం ముందు ఆగింది. ఆవిడ దిగి, కొట్టాన్ని, బర్రెలను, మమ్మల్ని వరసగా చూశారు.

"ఇదేనాండీ ఇల్లు?"

పాలాయన చేతులు కట్టుకుని, "ఇది నా కొట్టం మేడం. ఇల్లు గా సందుకవతల ఉంది" అన్నాడు.

"మా రికార్డులో ఇల్లు ఇక్కడే ఉందండీ."

"రికార్డుల ఉంటే మంచిదే మేడం. నల్లదానికి పట్టా ఇప్పియ్యుండ్రి, ఈ మధ్యనే ఈనింది."

భాయ్ దగ్గు నెపంతో అటు తిరిగాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సందుకు అవతల ఆమె క్యాంటీన్ బట్టల్లోనే నిలబడి ఉంది, సగం పూట సెలవు పెట్టి వచ్చిందట. దర్వాజకు తాళం వేసే ఉంది. గోడలు నాలుగూ ఉన్నాయి, పైన మబ్బులు ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన కప్పు లేదు. ఆఫీసరమ్మ ఇంటిని, చేతిలో కాగితాన్ని మార్చి మార్చి చూసి, "గుర్తు ఒకచోట, ఇల్లు ఇంకోచోట. నిబంధన ప్రకారం మంజూరు రద్దు చేయాల్సి ఉంటుంది. మీరేం చెబుతారండీ?" అని నన్ను అడిగారు.

ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉన్నాయి.

"తప్పు నాది కాదు మేడం. ఈమెకు వాస్తు పిచ్చి. దక్షిణం దిక్కు మొహం పెట్టి నిలబడనని మొండికేసింది. ఎంత చెప్పినా వినలేదు. అందుకే నేను కొట్టంలోకి పోవాల్సి వచ్చింది."

ఆఫీసరమ్మ ఆమె వైపు తిరిగారు. "నిజమేనామ్మా? వాస్తు కోసం ఇంత దూరం తెచ్చుకున్నారా?"

ఆమె నన్ను ఒకసారి చూసింది. కోపంగా కాదు, పాపం ఈయనకేమైంది అన్నట్టు. తరువాత చెయ్యెత్తి ఉత్తరాన ఉన్న మూడంతస్తుల ఇంటిని చూపించింది.

"వాస్తు గీస్తు నాకేం ఎర్క మేడం? సారు ఆ దిక్కుకెల్లి ఫొటో తీస్తే నా ఇంటెనక గా ఇల్లు పడతది. పదకొండేండ్లు అండ్ల కిరాయికున్న. గోడకు ఒక్క మేకు కొట్టనియ్యలే. క్యాలెండర్ బియ్యం డబ్బకు ఆనిచ్చి పెట్టుకున్న. మా ఆయన పోయినంక ఫొటో తగిలిద్దామంటే, గోడ ఖరాబైతది వద్దన్నరు. ఇప్పటిదాంక సంచిలనే ఉన్నడు. నా ఇంటి ఫొటోల గా గోడ ఎందుకు మేడం? నా ఇల్లు, పైన మొగులు. గంతే రావాలె అనుకున్న."

పైన ఒక విమానం కిందికి దిగుతూ వెళ్ళింది, ఆ చప్పుడు పోయేదాకా అందరం అలాగే నిలబడ్డాం. నాకు తల కొట్టేసినట్టయింది. వచ్చినప్పుడల్లా ఆమెకు వాస్తు మీద ఉపన్యాసం ఇచ్చాను. ఒక్కసారైనా ఎందుకని అడగలేదు.

"మేడం, నేను అబద్ధం చెప్పాను" అన్నాను. "ఆమె ఎటు తిరిగినా, గుర్తు పెట్టాల్సింది నేను ముగ్గు మధ్యలో నిలబడి. బూట్లు విప్పి రమ్మంది. నా సాక్సు చిరిగి ఉంది. అందరి ముందూ విప్పడానికి నామోషీ అయి లోపలికి పోలేదు. ఆ రోజంటే తెలియక చేశాననుకోవచ్చు, పునాది నాటికి తెలిసి కూడా దాచాను. ఇందులో ఆమె తప్పు గవ్వంత లేదు."

"సాక్సా?" అన్నారు ఆఫీసరమ్మ.

"ఎడమకాలిది మేడం. బొటనవేలు దగ్గర."

ఆవిడ పెదవులు బిగపట్టుకుని కాసేపు నేల చూశారు. "రాతపూర్వకంగా ఇవ్వండి" అన్నారు. కారు బానెట్ మీద కాగితం పెట్టుకుని, చిరుగుతో సహా అంతా రాసి సంతకం పెట్టాను. ఆమె ఈలోగా తాళం తీసింది. ఆఫీసరమ్మ ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచి, దర్వాజలోంచి లోపలికి వెళ్ళి, గోడలు తట్టి చూసి, కొలతలు వేసుకుని బయటికి వచ్చారు.

"ఇల్లు ఉంది, మనిషి ఉంది, కొలతలు సరిగ్గా ఉన్నాయి. స్లాబు డబ్బు ఆపడానికి నాకు కారణం కనబడటం లేదండీ. గుర్తు సంగతి విడిగా పైకి రాస్తాను. ఇప్పుడు నా తనిఖీ ఫొటో ఒకటి పంపాలి, అంతే."

ఫోన్ తెరిచారు. అది ఆవిడకు కూడా గౌరవంగా అదే చెప్పింది. మీరు ఇంటికి దూరంగా ఉన్నారు, దయచేసి ఇంటి దగ్గరికి వెళ్ళండి.

అందరం కొట్టం వైపు చూశాం. నల్ల బర్రె మా వైపు చూసింది. పాలాయన గొంగడి దులిపి రెండు చేతులతో ఆవిడకు అందించాడు. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, ముక్కు బిగపట్టి, చీర మీదుగా కప్పుకుని లోపలికి వెళ్ళారు. అక్కడ, బర్రె పక్కన నిలబడి ఫోన్ ఎత్తినప్పుడు, ఎందుకో వెంటనే నొక్కలేదు. చాలాసేపు ఆ తెరలోకి చూస్తూ ఉండిపోయారు. "ఇంకొంచెం కుడికి జరగండమ్మా" అన్నారు మెల్లగా. "పక్కింటి మూల పడుతోంది. ఆ, ఇప్పుడు లేదు."

భాయ్ చెయ్యి జేబులో ఉన్న తన ఫోన్ వైపు వెళ్ళింది. నేను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

డబ్బు వారంలో వచ్చింది. మృగశిర జల్లులు మొదలైన రోజునే ఆమె స్లాబు పోసింది, పోసిన సాయంత్రం వాన వెనక్కి తగ్గి దయ చూపింది. గది ఖాళీ చేయడానికి మూడు రోజుల ముందు, ప్లాస్టరింగ్ ఇంకా ఆరకుండానే, సామాను ఇందులోకి మార్చేసింది. నాకు మెమో వచ్చింది. "ముగ్గు మధ్యలో నిలబడకపోవుటకు గల కారణము" అని అడిగారు. నేను రాసిచ్చిన కారణం జిల్లాలో చాలామంది చదివారని విన్నాను. ఒక హెచ్చరికతో వదిలేశారు. గుర్తు మార్చమన్న ఫైలు మాత్రం నేను రిటైరయ్యే రోజుకు కూడా కిందికి రాలేదు. నాకు తెలిసి ఇప్పటికీ సర్కారు రికార్డులో ఆ నల్ల బర్రె పక్కా ఇంట్లో ఉంటోంది.

సామాను ముందే మారినా, మంచిరోజు చూసి గృహప్రవేశానికి పిలిచింది. కొత్త సాక్సులు కొనుక్కుని మరీ వెళ్ళాను. దర్వాజ ముందు బూట్లు విప్పి, ఎడమకాలు కాస్త ముందుకే పెట్టి నిలబడ్డాను కానీ ఎవరూ చూడలేదు. లోపల ముందుగదిలో గోడ చూసి ఆగిపోయాను. గోడ నిండా మేకులు. కనీసం పదిహేను ఉంటాయి, ఒక వరసా తీరూ లేదు. ఒకదానికి ఆమె భర్త ఫొటో ఉంది. ఒకదానికి క్యాలెండర్. ఒకదానికి ఆఫీసరమ్మ తీసిన ఫొటో, పెద్దది చేయించి పంపారట. అందులో దర్వాజ, ఆమె, నాలుగు గోడలు, పైన ఆకాశం, ఆమె మాటలో మొగులు. ఇంకేమీ లేదు. మిగతా మేకులన్నీ ఖాళీ.

"ఇవన్నీ దేనికమ్మా?" అని అడిగాను.

"ఊకెనే సార్. కొట్టబుద్ధయింది, కొట్టిన."

"సరేగానీ, నేను వాస్తు వాస్తు అని అన్నిసార్లు నిన్ను తిడుతుంటే, అది కాదు సార్ అని ఒక్కసారైనా చెప్పలేదేంది?"

"మీరు అడిగిండ్రా సార్? మీరే చెప్పిండ్రు, నేను ఇన్న" అంది నవ్వుతూ. లోపలికి వెళ్ళి ఒక సుత్తి, ఒక మేకు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మీరు గూడ ఒకటి కొట్టుండ్రి."

ఇన్నేళ్ళు ఇళ్ళు కట్టించిన ఇంజనీరును, ఒక మేకు తిన్నగా కొట్టలేనా అనుకున్నాను. కొట్టలేకపోయాను. రెండో దెబ్బకు మేకు వంగింది. మూడో దెబ్బకు కొత్త ప్లాస్టరింగ్ అరచేయంత ఊడి నా కొత్త సాక్సుల మీద పడింది.

"అయ్యయ్యో, గోడ పాడు చేశానమ్మా" అన్నాను.

ఆమె ఆ పెచ్చు ఊడిన చోట అరచేయి పెట్టి ఒకసారి తుడిచింది.

"ఖరాబైతే కానియ్యుండ్రి సార్" అంది. "నా గోడనే."